స్టార్ ముందా, లైన్ ముందా? అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ కట్టే లెక్క

(టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగం, రికార్డింగ్ నుంచి)

అందరికీ నమస్కారం. భోజనాల ముందు మైక్ చేతికిచ్చారంటే ఎంతసేపు మాట్లాడాలో చెప్పకనే చెప్పినట్టు. (నవ్వులు)

ఫాంటసీ ఫుట్‌బాల్, అంటే నిజం ఆటగాళ్ల పేర్లతో ఊహా టీమ్ కట్టుకుని వాళ్ల ఆటకి పాయింట్లు లెక్కేసుకునే ఆట, ఆడేవాళ్లు ఒకసారి చేతులెత్తండి. అమ్మో, సగం హాలు ఉంది. సరే, మీ టీమ్‌లో అఫెన్సివ్ లైన్‌మన్ ఎవరైనా ఉన్నారా? ఉండరు. తీసుకుందామన్నా మామూలు లీగుల్లో ఆ పేర్లే కనపడవు. యార్డులకు పాయింట్లు, క్యాచ్‌లకు పాయింట్లు, టచ్‌డౌన్లకు, అంటే బంతిని చివరి గీత దాటించినందుకు, పాయింట్లు. లైన్‌మన్ ఖాతాలో ఇవేవీ పడవు. టీవీలో అతని పేరు వినపడిందంటే పెనాల్టీ అయినా తెచ్చుంటాడు, దెబ్బయినా తగిలుంటుంది. ఇలా చూసీ చూసీ మనకి టీమ్ అంటే స్టార్ల జాబితా అన్నట్టు అలవాటైపోయింది.

కొత్తవాళ్ల కోసం, పిల్లలు లాక్కొస్తే వచ్చిన పెద్దవాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పి ముందుకెళ్తాను. బంతి మన చేతిలో ఉన్నప్పుడు మైదానంలో మనవాళ్లు 11 మంది. మధ్యలో సెంటర్, అతనికి అటూ ఇటూ ఇద్దరు గార్డులు, వాళ్లకి అవతల ఇద్దరు టాకిల్స్. ఈ ఐదుగురూ లైన్, ఎదుటివాళ్లని అడ్డుకోవడం వీళ్ల పని. ఒక్కొక్కరు 300 పౌండ్లు, అంటే 136 కిలోలు, ఆ పైమాటే. వెనకాల బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ ఉంటాడు. మిగిలిన ఐదుగురు పరిగెత్తేవాళ్లు, పట్టుకునేవాళ్లు: రన్నింగ్ బ్యాక్, వైడ్ రిసీవర్లు, టైట్ ఎండ్. వీళ్లని స్కిల్ ప్లేయర్లంటారు. బంతి విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ని కింద పడేస్తే దాన్ని సాక్ అంటారు. ఈ మాట ఇవాళ చాలాసార్లు వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

ఇక అసలు గొడవకి వద్దాం. 2021 డ్రాఫ్ట్. డ్రాఫ్ట్ అంటే ప్రో లీగ్ టీమ్‌లు కాలేజీ కుర్రాళ్లని వంతులవారీగా ఎంచుకోవడం, ఒక్కో వంతు ఒక పిక్. సిన్సినాటి బెంగాల్స్ చేతిలో 5వ పిక్ ఉంది. అంతకుముందు ఏడాదే 1వ పిక్‌తో జో బరో అనే క్వార్టర్‌బ్యాక్‌ని తెచ్చుకున్నారు. లైన్ బాగాలేదు. అదే ఏడాది నవంబర్‌లో వాషింగ్టన్‌తో మ్యాచ్‌లో బరో మోకాలి లిగమెంట్లు తెగి సీజన్ అయిపోయింది. ఇప్పుడు ఎదురుగా ఇద్దరు కుర్రాళ్లు. ఒకడు పెనే సూవెల్, ఒరెగాన్ యూనివర్సిటీ టాకిల్, 2019లో కాలేజీ లైన్‌మన్లకిచ్చే అవుట్‌లాండ్ ట్రోఫీ గెలిచినవాడు. రెండోవాడు జమార్ చేజ్, లూసియానా స్టేట్ యూనివర్సిటీ (ఎల్‌ఎస్‌యూ)లో బరోతో కలిసి 2019 నేషనల్ ఛాంపియన్‌షిప్ గెలిచిన రిసీవర్. మోకాలు విరిగిన కుర్రాడికి కాపలా పెట్టాలా, వాడి పాత జోడీని తెచ్చివ్వాలా? దేశమంతా కొట్టుకుంది. బెంగాల్స్ చేజ్‌ని తీసుకున్నారు. సూవెల్ 7వ పిక్‌లో డెట్రాయిట్ లయన్స్‌కి వెళ్లాడు.

చేజ్ మొదటి సీజన్‌లోనే 1,455 యార్డులు, 13 టచ్‌డౌన్లు. బెంగాల్స్ ఏకంగా లీగ్ ఫైనల్ సూపర్‌బౌల్‌కి వెళ్లిపోయారు. లైన్ గురించి గోల చేసినవాళ్లంతా నోరు మూసుకోవాల్సి వచ్చింది. కానీ ఇంకో కాలమ్ కూడా చూడండి. రెగ్యులర్ సీజన్‌లో బరోని 51 సార్లు సాక్ చేశారు, లీగ్‌లో అందరికంటే ఎక్కువ. టెనెసీతో ప్లేఆఫ్ (నాకౌట్) మ్యాచ్‌లో 9 సార్లు పడేశారు. అయినా 19-16తో గెలిచారు, అది వేరే విచిత్రం. సూపర్‌బౌల్‌లో 7 సార్లు.

ఆ సూపర్‌బౌల్ చివరి ప్లే ఇంటికెళ్లి మళ్లీ చూడండి. 2022 ఫిబ్రవరి 13, లాస్ ఏంజిలెస్ రామ్స్‌తో ఆట. స్కోరు 23-20, రామ్స్ ముందున్నారు. నిమిషం కూడా మిగల్లేదు. నాలుగో డౌన్, అంటే పది యార్డులు వెళ్లడానికిచ్చే నాలుగు అవకాశాల్లో ఆఖరిది. కావాల్సింది ఒక్క యార్డు. అంతకుముందు ప్లేలో పరుగుతో ఆ యార్డు తీసుకోబోతే రామ్స్ డిఫెన్స్‌లో ఆరన్ డొనాల్డ్ పట్టేశాడు. ఇప్పుడు పాస్. బంతి బరో చేతికొచ్చింది. చేజ్ ఒక పక్క నుంచి దూసుకెళ్తున్నాడు, అతన్ని కాస్తున్న జేలెన్ రామ్సీ కాలు జారి పడిపోయాడు. ముందంతా ఖాళీ. రిసీవర్‌ని తెచ్చుకున్నది సరిగ్గా ఈ క్షణం కోసమే కదా! కానీ బరోకి అటు చూసే టైమ్ లేదు. డొనాల్డ్ గార్డ్‌ని దాటుకుని వచ్చి నడుం పట్టేశాడు, బొంగరంలా తిప్పేశాడు. బరో పడిపోతూ బంతిని ఎటో విసిరాడు, నేల మీద పడింది. ఆట అయిపోయింది.

దీంతో "చూశారా, సూవెల్‌ని తీసుకోవాల్సింది" అనేవాళ్లు మళ్లీ లేచారు. నాకు ఈ వాదన నచ్చదు. డొనాల్డ్ వచ్చింది గార్డ్ మీదుగా. సూవెల్ టాకిల్. సూవెల్ టీమ్‌లో ఉన్నా ఆ ప్లేలో ఓ చివర నిలబడి తన మనిషిని చక్కగా ఆపుతూ ఉండేవాడు, డొనాల్డ్ ఇలాగే మధ్యలోంచి వచ్చేవాడు.

నేను ఇవాళ చెప్పదలచుకున్నదంతా ఇక్కడే ఉంది. రిసీవర్ విలువ అతనిలోని గొప్పదనం బట్టి ఉంటుంది. లైన్ విలువ అందులో అందరికంటే బలహీనుడిని బట్టి ఉంటుంది. ముగ్గురు రిసీవర్లలో ఒకడు దిట్టయితే బంతి వాడికే వేస్తాం, మిగతా ఇద్దరు అంతంతమాత్రమైనా బండి నడుస్తుంది. లైన్‌లో నలుగురు పులులై ఐదోవాడు పిల్లి అయితే ఎదుటి కోచ్ ప్రతి ప్లేలోనూ తన బెస్ట్ మనిషిని తెచ్చి ఆ పిల్లి ముందే నిలబెడతాడు. ఎవరి మీదకి దాడి రావాలో మనం ఎంచుకోలేం, వాడు ఎంచుకుంటాడు.

మన కబడ్డీలోనూ ఇదే కథ. ప్రో కబడ్డీ 10వ సీజన్‌లో తెలుగు టైటాన్స్ పవన్ సెహ్రావత్‌ని రూ.2.6 కోట్లకు కొన్నారు, అప్పటికి లీగ్ రికార్డు. పవన్ రెయిడింగ్‌లో 200 పాయింట్లు దాటాడు, ఆయన చేయగలిగింది ఆయన చేశాడు. టీమ్ 22 మ్యాచ్‌ల్లో 2 గెలిచి పట్టికలో అట్టడుగున నిలిచింది. ఒకవైపు పవన్ తెచ్చిన పాయింట్లు, ఇంకోవైపు అవతలి రెయిడర్లు పట్టుకుపోయిన పాయింట్లు. ఆ రోజుల్లో టైటాన్స్ మ్యాచ్‌లు చూసినవాళ్లకి నేను ఇంకేం చెప్పక్కర్లేదు.

సరే, బెంగాల్స్ చేజ్‌ని తీసుకోవడం తప్పు కాదంటున్నాను, మరి తప్పు ఎక్కడ? రెండో రౌండ్‌లో. అందరూ 5వ పిక్ గురించే కొట్టుకుంటారు కానీ ఆ డ్రాఫ్ట్‌లో నాకు కొట్టొచ్చినట్టు కనపడేది అది. బెంగాల్స్‌కి 38వ పిక్ ఉంది. దాన్ని న్యూ ఇంగ్లండ్‌కిచ్చి కిందకి, 46కి దిగారు. అక్కడ క్లెమ్సన్ నుంచి జాక్సన్ కార్మన్ అనే లైన్‌మన్‌ని తీసుకున్నారు. అతను స్థిరపడలేదు. అప్పటికి క్రీడ్ హంఫ్రీ అనే సెంటర్‌ని ఇంకా ఎవరూ తీసుకోలేదు. 63వ పిక్‌లో కాన్సాస్ సిటీ చీఫ్స్ పట్టుకెళ్లారు. అదే డ్రాఫ్ట్‌లో 6వ రౌండ్, 226వ పిక్, ట్రే స్మిత్ అనే గార్డ్. అతన్నీ చీఫ్స్ తీసుకున్నారు. ఇద్దరూ మొదటి ఏడాదే లైన్‌లో పాతుకుపోయారు.

చీఫ్స్ ఎందుకంత కసిగా ఉన్నారో తెలుసా? దానికి మూడు నెలల ముందు, 2021 ఫిబ్రవరి 7న సూపర్‌బౌల్‌లో టాంపా బే చేతిలో 31-9తో చితికిపోయారు. క్వార్టర్‌బ్యాక్ పాట్రిక్ మహోమ్స్ ఉన్నాడు, టైరీక్ హిల్ ఉన్నాడు, ట్రావిస్ కెల్సీ ఉన్నాడు. అంతమంది స్టార్లుండి ఒక్క టచ్‌డౌన్ లేదు. కారణం, ఇద్దరు మొదటి వరస టాకిల్స్ ఎరిక్ ఫిషర్, మిచెల్ ష్వార్ట్జ్ గాయాలతో బయట ఉన్నారు. ఆ రాత్రి మహోమ్స్ బంతి విసరడం కంటే పారిపోవడమే ఎక్కువ. ఆ వేసవి లోపే లైన్ మొత్తం మార్చేశారు. గార్డ్ జో తునీని ఐదేళ్లకు 80 మిలియన్ డాలర్లిచ్చి తెచ్చారు, టాకిల్ ఓర్లాండో బ్రౌన్ కోసం బాల్టిమోర్‌తో ట్రేడ్ చేశారు, డ్రాఫ్ట్‌లో హంఫ్రీ, స్మిత్. మరుసటి ఏడాది, 2022 మార్చిలో, ఇంకో అడుగు వేశారు: టైరీక్ హిల్‌ని ఐదు పిక్‌లకు మయామీకి పంపేశారు! లీగ్‌లోనే అత్యంత వేగవంతుడైన రిసీవర్‌ని. ఇక చీఫ్స్ పనైపోయిందన్నారు. 2023 ఫిబ్రవరి సూపర్‌బౌల్‌లో ఎదురైంది ఫిలడెల్ఫియా ఈగల్స్, ఆ సీజన్‌లో 70 సాక్‌లు చేసిన డిఫెన్స్. మహోమ్స్ చీలమండ బెణికి కుంటుతున్నాడు. ఎన్నిసార్లు సాక్ చేశారు? సున్నా. 38-35, కప్పు కాన్సాస్ సిటీది.

అయితే ఈ మాట ఒప్పుకున్నంత తేలిగ్గా లైన్ కట్టుకోలేం. లైన్‌కి టైమ్ పడుతుంది. ఇది అర్థం కావాలంటే లోపల ఏం జరుగుతుందో కొంచెం చూడాలి. డిఫెన్స్‌వాళ్లు స్టంట్ అని ఒకటి చేస్తారు. మధ్యలో ఉన్నవాడు పక్కకి దూకి మన టాకిల్ మీద పడతాడు, చివర ఉన్నవాడు వాడి వెనక నుంచి తిరిగి మధ్యలోకి వస్తాడు. అప్పుడు మన గార్డ్ తన మనిషిని టాకిల్‌కి అప్పగించి, వచ్చేవాడిని అందుకోవాలి. అప్పగించడానికి దొరికేది అర సెకను. నోటితో చెప్పుకునే టైమ్ ఉండదు, భుజం తగిలిన తీరుని బట్టి తెలిసిపోవాలి. గార్డ్ అర అడుగు ఎక్కువ వెళ్తే సందు, తక్కువ వెళ్తే ఢీ. పక్కపక్కన సీజన్లు సీజన్లు నిలబడితే తప్ప అది రాదు. పైగా లీగ్‌కీ ఆటగాళ్ల సంఘానికీ మధ్య 2011లో కుదిరిన ఒప్పందం తర్వాత రెగ్యులర్ సీజన్ మొత్తానికి ప్యాడ్లు కట్టుకుని చేసే ప్రాక్టీసులు 14కి మించకూడదు. ఒళ్లు ఒళ్లు తగలకుండా ఈ విద్య ఎప్పుడు నేర్చుకుంటారు? రిసీవర్ అలా కాదు, కాలేజీలో చేసిన పనే ఇక్కడా చేస్తాడు, మొదటి ఏడాదే దుమ్ము దులుపుతాడు.

సూవెల్ సంగతే చూడండి. అతను వచ్చిన ఏడాది లయన్స్ గెలిచినవి 3 మ్యాచ్‌లు. మరుసటి ఏడాది 9, ఆ తర్వాత 12, 2024లో 15. పక్కన టేలర్ డెకర్, ఫ్రాంక్ రాగ్నో లాంటి వాళ్లు స్థిరంగా ఉన్నారు కాబట్టి కుదిరింది. మధ్యలో 2022 డిసెంబర్‌లో మిన్నెసోటా మీద ఈ మనిషి చేత పాస్ కూడా పట్టించారు! 330 పౌండ్ల పైబడిన టాకిల్ 9 యార్డుల పాస్ పట్టి మ్యాచ్ ముగించేశాడు. నేను సోఫా మీంచి లేచి గంతులేశాను. మళ్లీ అదే డ్రాఫ్ట్‌లో లయన్స్ 4వ రౌండ్, 112వ పిక్‌లో అమోన్-రా సెయింట్ బ్రౌన్‌ని పట్టారు. తర్వాత లీగ్‌లో అగ్రశ్రేణి రిసీవరయ్యాడు. అంటే స్టార్ రిసీవర్లు కిందెక్కడో కూడా దొరుకుతారు. నా వాదనకి ఇది కాస్త అడ్డం వచ్చే విషయమే, దాచను.

ఇప్పుడు మన ఊరి సంగతి. (చప్పట్లు) ఆగండి, చప్పట్లు తర్వాత కొడుదురు గాని. ఇక్కడి నుంచి కొన్ని మైళ్ల దూరంలో డాలస్ కౌబాయ్స్ ప్రాక్టీస్ చేస్తారు, మన పిల్లలు ఆ జెర్సీలే వేసుకుని తిరుగుతారు. 2011లో 9వ పిక్ టైరన్ స్మిత్, 2013లో 31వ పిక్ ట్రావిస్ ఫ్రెడరిక్, 2014లో 16వ పిక్ జాక్ మార్టిన్. నాలుగేళ్లలో మూడు మొదటి రౌండ్ పిక్‌లు లైన్ మీద. 2014లో ఓనర్ జెర్రీ జోన్స్ మనసు క్వార్టర్‌బ్యాక్ జానీ మాంజియెల్ మీద ఉంది, టెక్సాస్ కుర్రాడు, పెద్ద స్టార్. పక్కనున్నవాళ్లు ఆపారు. మాంజియెల్ రెండు సీజన్లలో లీగ్‌లోంచి మాయమయ్యాడు, మార్టిన్ 9 సార్లు ప్రో బౌల్‌కి, అంటే లీగ్ ఆల్‌స్టార్ల జట్టుకి, ఎంపికై 2025లో రిటైరయ్యాడు. ఆ లైన్ వెనక 2014లో రన్నింగ్ బ్యాక్ డిమార్కో మరే 1,845 యార్డులు పరిగెత్తాడు. మరుసటి ఏడాది ఫిలడెల్ఫియాకి వెళ్తే 702.

వింటుంటే లైన్ ఉంటే చాలనిపిస్తుంది కదా. 2015 చూడండి. దాదాపు అదే లైన్. క్వార్టర్‌బ్యాక్ టోనీ రోమో భుజం ఎముక విరిగి 4 మ్యాచ్‌లే ఆడాడు. కౌబాయ్స్ 4-12, అంటే 4 గెలుపులు, 12 ఓటములు. లైన్ మూడు సెకన్లు కొని పెడుతుంది, ఆ మూడు సెకన్లని వాడుకునేవాడు కూడా ఉండాలి. 2016లో క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్, రన్నింగ్ బ్యాక్ ఎజెకియెల్ ఎలియట్ వచ్చి 13-3 చేశారు, ప్లేఆఫ్స్ మొదటి మ్యాచ్‌లోనే గ్రీన్ బే చేతిలో 34-31. 1995 సీజన్ తర్వాత కౌబాయ్స్ ఎన్‌ఎఫ్‌సీ ఫైనల్, అంటే సూపర్‌బౌల్‌కి ముందు మెట్టు, గడప తొక్కలేదు. (ఎవరో: "డెజ్ క్యాచ్ పట్టాడండీ!") పట్టాడు బాబూ, పట్టాడు. 2014 సీజన్ ప్లేఆఫ్స్‌లో మన రిసీవర్ డెజ్ బ్రయంట్ పట్టిన బంతిని రిఫరీలు క్యాచ్ కాదన్నారు, ఆ బాధ ఇది. నేనూ అదే అంటాను. (నవ్వులు)

ఆ 1990ల టీమ్ ఎలా కట్టారో చూస్తే నాకు ముచ్చటేస్తుంది. మైఖేల్ ఇర్విన్, ట్రాయ్ ఐక్‌మన్, ఎమిట్ స్మిత్, ముగ్గురు స్టార్లూ మొదటి రౌండ్ పిక్‌లే: 1988, 1989, 1990. మరి వాళ్ల ముందు నిలబడ్డ లైన్? మార్క్ స్టెప్నోస్కీ 3వ రౌండ్. ఎరిక్ విలియమ్స్ 3వ రౌండ్. కెవిన్ గోగన్ 8వ రౌండ్. నేట్ న్యూటన్‌ని, మార్క్ ట్యునేని డ్రాఫ్ట్‌లో ఎవరూ ఎంచుకోనే లేదు, పైగా ట్యునే డిఫెన్స్ ఆడేవాడు, ఇటు తిప్పారు. 1994లో 2వ రౌండ్‌లో లారీ ఆలెన్ వచ్చాడు, తర్వాత హాల్ ఆఫ్ ఫేమ్‌కి వెళ్లాడు. నాలుగేళ్లలో మూడు సూపర్‌బౌల్స్. పెద్ద పిక్‌లు స్టార్ల మీద, ఓపిక లైన్ మీద పెట్టారు.

పెద్ద పిక్‌తో లైన్‌మన్‌ని తెస్తే గ్యారంటీ అనుకోకండి. 2013లో మొదటి నాలుగు పిక్‌ల్లో మూడు టాకిల్సే: ఫిషర్, ల్యూక్ జోకెల్, లేన్ జాన్సన్. 2వ పిక్ జోకెల్ నిలబడలేదు. హ్యూస్టన్ టెక్సన్స్ 2002లో టీమ్ మొదలుపెట్టినప్పుడు, కొత్త టీమ్ పాత టీమ్‌ల నుంచి ఆటగాళ్లని ఎంచుకునే ఎక్స్‌పాన్షన్ డ్రాఫ్ట్‌లో మొట్టమొదట తీసుకుంది టోనీ బొసెల్లీ అనే మేటి టాకిల్‌ని. భుజం గాయంతో వాళ్లకి ఒక్క మ్యాచ్ ఆడలేదు. ఆ ఏడాది కొత్త క్వార్టర్‌బ్యాక్ డేవిడ్ కార్‌ని 76 సార్లు సాక్ చేశారు, ఇప్పటికీ అదే రికార్డు. ఒక్క మనిషి మీద లైన్ మొత్తం ఆనించి పెడితే జరిగేది ఇదే.

దీనికి తిరగేసిన కథ ఈగల్స్. రన్నింగ్ బ్యాక్ సేక్వాన్ బార్క్లీని న్యూయార్క్ జెయింట్స్ 2018లో 2వ పిక్‌తో తీసుకున్నారు. లైన్ సరిగ్గా లేని టీమ్. మొదటి ఏడాది 1,307 యార్డులు పరిగెత్తాడు, టీమ్ 5-11. 2023లో ఒక్కో పరుగుకి సగటు 3.9 యార్డులు. 2024లో ఈగల్స్‌కి వచ్చాడు. సగటు 5.8, మొత్తం 2,005 యార్డులు, సూపర్‌బౌల్ కప్పు. మనిషి అదే, కాళ్లు అవే, వయసు ఇంకో ఏడాది పెరిగింది. మారింది ముందున్న ఐదుగురు. ఆ ఐదుగురిలో ఈగల్స్ మొదటి రౌండ్‌లో తీసుకున్నది లేన్ జాన్సన్ ఒక్కడినే. లెఫ్ట్ టాకిల్ జోర్డన్ మైలాటా 7వ రౌండ్, ఆస్ట్రేలియాలో రగ్బీ ఆడుకునేవాడు, డ్రాఫ్ట్ అయ్యేనాటికి ఒక్క ఫుట్‌బాల్ మ్యాచ్ ఆడలేదు. మెకై బెక్టన్‌ని మొదట న్యూయార్క్ జెట్స్ 11వ పిక్‌తో తీసుకుని వదిలేసుకున్నారు. వీళ్లందరినీ తీర్చిదిద్దింది లైన్ కోచ్ జెఫ్ స్టౌట్‌లాండ్, 2013లో ఆ పనిలో చేరినవాడు. నన్నడిగితే టీమ్‌లో రెండో రిసీవర్ కంటే మంచి లైన్ కోచ్ విలువ ఎక్కువ. కోచ్ జీతం శాలరీ క్యాప్‌లోకి, అంటే ఆటగాళ్ల జీతాలకి లీగ్ పెట్టిన పరిమితిలోకి, కూడా రాదు!

డబ్బు మాట వచ్చింది కాబట్టి ఒక్క లెక్క. 2025లో టీమ్‌కి క్యాప్ 279.2 మిలియన్ డాలర్లు, 53 మందికి సర్దాలి. చేజ్ కొత్త కాంట్రాక్ట్ ఏడాదికి సగటున 40.25 మిలియన్లు. బరోకి 55. రెండో రిసీవర్ టీ హిగిన్స్‌కి 28.75. ముగ్గురికే 124. ఏ ఏడాది ఎంత క్యాప్‌లో పడుతుందనేది వేరే తతంగం, కానీ భారం అర్థమవుతోంది కదా. చేజ్ 2024లో క్యాచ్‌లు, యార్డులు, టచ్‌డౌన్లు మూడింటిలోనూ లీగ్ మొత్తానికి మొదటివాడు. బెంగాల్స్ 9-8, ప్లేఆఫ్స్ లేవు. డిఫెన్స్ కూడా పాడైందనుకోండి, నేరమంతా లైన్ మీదే వేయను. 2025 సెప్టెంబర్‌లో రెండో మ్యాచ్‌లోనే ఒక సాక్‌లో బరో కాలి బొటనవేలు దెబ్బతిని సర్జరీ దాకా వెళ్లింది. నేనైతే హిగిన్స్‌ని వదులుకునేవాణ్ని. చేజ్‌ని మాత్రం వదలను.

ప్రశ్నలుంటే ఒకటో రెండో తీసుకుంటాను. చెప్పండక్కా.

(ఒక తల్లి: మా వాడు ఎయిత్ గ్రేడ్. రిసీవర్ ఆడతానంటే కోచ్ గార్డ్‌గా పెట్టాడు. వాడికి మొహం మాడిపోయింది. మార్చమని అడగొచ్చా?)

అడగొచ్చు, కానీ ఒక సీజన్ ఆగండి. ఈ వయసులో పొజిషన్లు ఏటా మారతాయి. ప్రాక్టీస్‌కి ఒకసారి వెళ్లి కూర్చోండి. చేతులు ఎక్కడ పెట్టాలి, తల ఎలా పక్కకి ఉంచాలి అనేది కోచ్ ఒక్కొక్క పిల్లాడి దగ్గర నిలబడి చూపిస్తున్నాడో లేదో గమనించండి. చూపిస్తుంటే మీ వాడు మంచి చేతుల్లోనే ఉన్నాడు. తలతో గుద్దించే కోచ్ అయితే పొజిషన్ సంగతి తర్వాత, ముందు అక్కణ్నుంచి తీసేయండి. ఇంకొక్క మాట, లైన్‌మన్ కదా అని వాడికి నెయ్యి ముద్దలు కలిపి పెట్టకండి. (నవ్వులు) గార్డ్‌కి ఈ వయసులో కావాల్సింది కాళ్ల వేగం. బరువు హైస్కూల్‌కి వెళ్లాక వెయిట్ రూమ్‌లో అదే వస్తుంది.